గున్న ఎవరి పేరున ఉంది

బండి తాళంచెవి కనిపించకుండా పోయి నాలుగు రోజులైంది. ఎవరు తీశారో ఇంట్లో అందరికీ తెలుసు. అడిగినవాళ్లు మాత్రం లేరు.

ఆదివారం పొద్దున్నే సర్వేయరు షెడ్డులోకి వెళ్లి, గున్న డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. భార్య టీ తెచ్చి కిటికీలోంచి అందిస్తే అందుకున్నాడు గానీ తాగలేదు. డాష్‌బోర్డు మీద పెట్టిన ఆ టీ అక్కడే చల్లారిపోయింది.

గున్న అంటే వాళ్ల బండి. లారీ ఛాసిస్ మీద మూడు వరసల సీట్లు బిగించి, పైన రేకు కప్పు వేసిన పాతకాలపు వాహనం. ముప్పై నాలుగేళ్ల కిందట అది కొత్తగా వచ్చినప్పుడు గేటులో పట్టక, గేటునే వెడల్పు చేయించారు. నాలుగేళ్ల కూతురు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఇది గున్న ఏనుగా అని అడిగింది. ఆ పేరే నిలిచిపోయింది. కొడుకు ఇంకా పుట్టనే లేదు. కొండల్లో రోడ్లు కొలిచే ఉద్యోగం సర్వేయరుది. సెలవుల్లో కుటుంబమంతా ఆయనతో క్యాంపుకి వెళ్లేది. పిల్లలిద్దరూ ఆఖరి సీటు మడిచి, కొలత గొలుసుల పక్కన పడుకుని పెద్దవాళ్లయ్యారు.

కిందటి మంగళవారం ఆ బండే ఒక మనిషిని పడగొట్టింది. సైకిలు మీద బడికి వెళ్తున్న ఒక పంతులమ్మని సర్వేయరు పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద గుద్దాడు. మెల్లగా వెళ్తున్నాడు కాబట్టి ఆమెకి మణికట్టు బెణకడంతో పోయింది. నర్సుగా చేస్తున్న కూతురు ఆ సాయంత్రమే తండ్రిని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ చూపు మధ్యలో మసక కమ్మిందని డాక్టరు చెప్పాడు. పక్కలనున్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఏడాది నుంచీ అంతేనట. ఆ ఏడాదీ ఆయన ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది గంటలకి కొడుకు వచ్చాడు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ప్రమాదం జరిగాక కాదు, జరగకముందే చూసుకోవాలనేది అతని వృత్తి ధర్మం. పాత బండ్లు సేకరించే ఆయనెవరో పదకొండింటికి వస్తున్నాడని, అన్నీ మాట్లాడేశానని, ఈ రోజుతో ఈ గొడవ వదిలిపోతుందని వంటగదిలో నిలబడి చెప్పాడు.

కూతురు అప్పటికే అక్కడుంది. నాన్న నడపకూడదని ముందుగా అన్నది తానేనని, అంతమాత్రాన చెప్పాపెట్టకుండా బేరం పెట్టడమేమిటని తమ్ముణ్ని నిలదీసింది. బండి కళ్లెదుట ఉంటే ఆయన ఏదో ఒక రోజు తీస్తాడని అతనన్నాడు. నీకు నాన్న మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని ఆమె అడిగింది. ఏడాది పాటు చూపు లేదని దాచిన మనిషిని ఎలా నమ్మమంటావని అతను తిరిగి అడిగాడు. ఆమె తల్లి వైపు తిరిగింది.

ఇంత జరుగుతున్నా తల్లి కూరగాయలు తరుగుతూనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి ఆమె. వీధిలో ఇప్పటికీ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఊరందరి మాటలూ కలిపిన ఆమె ఇంట్లో నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట కలపడం లేదు. తాళంచెవి తీసింది ఆమే కాబట్టి ఆమె తన పక్షమేనని కొడుకు అనుకున్నాడు.

అతను షెడ్డులోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మీ మీద కోపంతో చేస్తున్నది కాదు నాన్నా."

"కోపమున్నా పర్లేదురా. కోపానికి మందుంది." సర్వేయరు స్టీరింగు మీంచి చేతులు తీయలేదు. "ఆవిడ నాకు కనపడలేదు. అడ్డమొచ్చిందనీ, బ్రేకు పడలేదనీ అందరితో ఏవేవో చెప్పాను. అసలు కనపడనే లేదు."

కొడుకు డాష్‌బోర్డు మీది చల్లారిన టీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇక నేను నడపను. ఆ మాట నీకంటే ముందు నాకు నేనే చెప్పుకున్నా. అమ్మే సంగతి మాత్రం నన్నడక్కు."

అలిగి అన్నాడనుకుని కొడుకు తల దించుకుని వచ్చేశాడు.

సేకరించే ఆయన సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. మర్యాదస్తుడు. డ్రైవరు సీట్లోని మనిషికి నమస్కారం పెట్టి, ఆయన దిగేదాకా ఆగి, అప్పుడు నేల మీద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. ఛాసిస్ పొడవునా వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గానీ ఇంత బతికున్న ఏనుగును తానెప్పుడూ చూడలేదన్నాడు. ఎవరు చూసుకున్నారని అడిగాడు. సర్వేయరు తన చేతులు చూపించాడు. గోళ్ల సందుల్లో గ్రీజు నల్లగా ఉంది.

తన హాల్లో అద్దాల తలుపుల వెనక పెడతానని, దుమ్ము కూడా పడనివ్వనని ఆయన హామీ ఇచ్చాడు. తిప్పుతారా అని కూతురు అడిగింది. అబ్బే, ఎందుకు తిప్పుతామమ్మా అన్నాడు.

ఇక కాగితాలు చూపించమన్నాడు. బీరువాలోని రేకు పెట్టె ఆపరేటరమ్మే తెచ్చింది. సేకరించే ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకాగితం చదివి, సర్వేయరు వంక చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"ఇది ఆడవాళ్ల పేరే?"

"నాదే," అంది ఆపరేటరమ్మ.

కొడుకు కాగితం లాక్కున్నంత పని చేశాడు. అక్కడ నిజంగానే తల్లి పేరుంది. బండి తీసుకోవాల్సిన రోజు సర్వేయరు కొండల్లో ఉన్నాడు. వానలకి దారి తెగి రాలేకపోయాడు. ఆమె భోజన విరామంలో ఎక్స్చేంజి నుంచి పరుగున వెళ్లి సంతకాలు పెట్టి వచ్చింది. తర్వాత పేరు మారుద్దామంటే, ఎవరి పేరైతే ఏం, తొక్కేది నేనే కదా అని సర్వేయరు నవ్వేశాడు. అదే మాట మీద ముప్పై నాలుగేళ్లు గడిచాయి.

"అయితే మీరే చెప్పాలమ్మా," అన్నాడు సేకరించే ఆయన.

"నేను అమ్మను."

"వీళ్లకి అమ్మని తెలుసు. బండి సంగతి అడుగుతున్నాను."

"అదే చెప్తున్నా. అమ్మను."

కూతురికి నవ్వు ఆగలేదు. సేకరించే ఆయన కూడా నవ్వాడు. తర్వాత గోనెపట్టా దులుపుకుని, మనసు మారితే కబురు చేయమని చెప్పి వెళ్లిపోయాడు. కొడుకు మాత్రం నవ్వలేదు. తను మాటిచ్చి పిలిపించిన మనిషి ముందు తల తీసేసినట్టయిందన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా బండి నువ్వెలా ఇచ్చావురా, నన్నొక్కసారి అడిగావా అని తల్లి నెమ్మదిగానే అడిగింది.

"సరే, అడగలేదు. తప్పే. మరి దీన్ని ఎవరు నడుపుతారు?"

"నేను."

కొడుకు తల్లిని ఎగాదిగా చూశాడు.

"నీకు సైకిలు కూడా రాదమ్మా."

"నేర్చుకోలేదు కాబట్టి రాదు."

ఆమె చేతిసంచిలోంచి తాళంచెవి తీసింది. భర్తకి దొరక్కూడదని తీసిన మాట నిజమే. కానీ ఆయన మధ్యాహ్నం పడుకున్న వేళ ఈ నాలుగు రోజులూ ఆమె షెడ్డులోకి వచ్చి ఆ సీట్లో కూర్చుంది. ఇంజను వేయకుండానే క్లచ్చి తొక్కి చూసింది. మొదటి రోజు సగం దాకా కూడా దిగలేదట. నాలుగో రోజుకి పూర్తిగా దిగిందట. ఎడమ తొడ పట్టేసి ఇప్పటికీ మెట్లు ఎక్కలేకపోతోందట. ఇదంతా ఆమె రేషను కాగితం చదివినట్టు చెప్పుకుపోయింది.

అరవై ఒక్క ఏళ్లకి ఇదేం పట్టుదల అని కొడుకు తండ్రి వైపు చూశాడు, ఆయనైనా కాదంటాడేమోనని. సర్వేయరు రేకు పెట్టె మూసి భార్యకి అందించాడు. నాన్నకి చూపు లేదు, అమ్మకి చేతకాదు, ఇద్దరూ కలిసి ఊరి మీద పడతారా అని కొడుకు కేకలేశాడు. ఏదైనా అయితే నాకు ఫోను చేయకండని చెప్పి వెళ్లిపోయాడు. నెల రోజులు రాలేదు. ఫోనూ చేయలేదు.

ఊరి చివర మూతబడిన పత్తి గోదాము ఉంది. దాని వెనక పెద్ద ఖాళీ జాగా. కూతురు నర్సుగా చేస్తున్న ఆసుపత్రిలోనే తన పిల్లకి పురుడు పోశారన్న చనువుతో కాపలాదారు గేటు తెరిచి ఇచ్చాడు. కూతురు డ్యూటీకి వెళ్లేముందు తానే గున్నని నడిపి అమ్మానాన్నల్ని అక్కడ దింపేది, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లేది. ఈలోగా ఆపరేటరమ్మ స్టీరింగు ముందు, సర్వేయరు పక్క సీట్లో. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఆ సీటు స్ప్రింగు గుచ్చుకుంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెప్పా. మీరు ఇంజను చప్పుడు వింటున్నారు."

గున్న మొండిది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనుంటుంది. మొదటి గేరులోంచి రెండోదానికి వెళ్లేటప్పుడు న్యూట్రల్లో ఒక్క క్షణం ఆగి పైకి తోయాలి. ఆగకపోతే పళ్లు నూరుతుంది. స్టీరింగు తిప్పడమంటే తిరగలి తిప్పడమే. ఆపరేటరమ్మ పొట్టి మనిషి. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ కాళ్లు అందలేదు. మొదటి వారం ఇంజను ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదు. రెండో వారానికి గోదాము చుట్టూ ఆగకుండా ఒక చుట్టు వచ్చింది. దిగి, బండి ముక్కు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడింది.

సర్వేయరుకి ఎదురుగా ఉన్నది కనిపించకపోయినా చెవులు బాగా పనిచేస్తున్నాయి. క్లచ్చి ఎంత లేచిందో ఇంజను గొంతును బట్టి చెప్పేవాడు. మంచి గురువే గానీ ఓర్పు లేదు. కొండల్లో గొలుసు పట్టుకున్న కూలీలని అదిలించిన గొంతు అలాగే ఉంది.

మూడో వారం బుధవారం చిలికి చిలికి గాలివానైంది. వెనక్కి నడుపుతూ ఆమె అద్దంలో చూసింది. అద్దాన్ని నమ్మకు, తల తిప్పు అని ఆయన అరిచాడు. తల తిప్పితే కాలు జారింది. గున్న ఒక్క ఉదుటున వెనక్కి వెళ్లి పాత తూకం రాయికి గుద్దుకుంది. వెనక తలుపు సొట్టపడింది. పెద్ద సొట్టేం కాదు. కానీ ఆయన తడుముకుంటూ వెళ్లి ఆ సొట్ట మీద చెయ్యి పెట్టి అన్న మాట పెద్దది.

"ముప్పై నాలుగేళ్లు గీత పడకుండా చూసుకున్నా దీన్ని."

ఆపరేటరమ్మ ఇంజను ఆపింది. కిందికి దిగింది.

"గీత పడలేదు. నిజమే. మనిషి పడింది," అంది. "నేను రాయిని గుద్దాను. రాయికి మణికట్టు లేదు."

ఆ మాట అనేశాక తన నోటికి తానే భయపడినట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గేటు దాటి ఇంటి వైపు నడిచి వెళ్లిపోయింది. తాళంచెవి బండికే ఉండిపోయింది.

సర్వేయరు ఆమె అడుగుల చప్పుడు వినిపించినంతసేపూ విన్నాడు. ఆ తర్వాత డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. రెండు దిండ్లూ తీసి పక్కన పెట్టాడు. వీపు తన చోటు తానే వెతుక్కుంది. చెయ్యి తనంతట తానే తాళం మీదికి వెళ్లింది.

ఇంజను వేశాడు.

ఈ రోడ్డు ఆయనకి తెలుసు. గేటు దాటాక ఎడమకి, నీళ్ల ట్యాంకు దగ్గర కుడికి, అక్కణ్నుంచి తిన్నగా ఇల్లే. ఆ వేళ ఆ దారిలో ఎవరూ ఉండరు. రెండు పక్కలా కనిపిస్తూనే ఉంది. కుడి చివర గోదాము గోడ, ఎడమ చివర గేటు స్తంభం. మధ్యలోనే ఏమీ లేదు. బూడిద పులిమిన గాజులా ఒక మచ్చ. ఆయన ఆ మచ్చలోకి చాలాసేపు చూశాడు. అందులో ఎవరూ లేరనే అనిపించింది. ఆ మంగళవారమూ అలాగే అనిపించింది.

ఇంజను ఆపేశాడు.

కూతురు వచ్చేదాకా అక్కడే కూర్చోవచ్చు. కూర్చోలేదు. తలుపులు వేసి, గోడ పక్కనే తల కాస్త వాల్చి చూసుకుంటూ, రెండు మైళ్లు నడిచి ఇంటికి వచ్చాడు. రెండుచోట్ల తట్టుకున్నాడు. ఒకచోట ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. చొక్కా చెమటకి తడిసిపోయి, మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి గుమ్మంలో నిలబడితే ఆపరేటరమ్మ గాబరాగా లేచింది.

ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంజను వేశాను," అన్నాడు. "అబద్ధం ఎందుకు. వేశాను. కదపలేదు."

ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

"నీ బండి నీకు నేర్పమన్నావు. నేను నా బండి నీకు అరువిస్తున్నట్టు మాట్లాడుతున్నా. రేపట్నుంచి అరవను. అరిస్తే దింపెయ్."

"రెండు మైళ్ల దూరంలోనా?"

"ఎక్కడైనా."

ఆమె మోకాలికి మందు రాసింది. ఆయన సొట్ట సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. దాన్ని సాపు చేయించమని కూతురంటే, బండి యజమానురాలిని అడగమన్నాడు. యజమానురాలు ఉండనీ అంది.

ఆపరేటరమ్మ డ్రైవింగు లైసెన్సు పరీక్ష రోజు కూతురికి డ్యూటీ పడింది. వేరెవరినైనా పంపుతానని ముందు రోజే చెప్పింది గానీ ఎవరినో చెప్పలేదు. పొద్దున్న ఎనిమిదింటికి గేటు చప్పుడైతే ఆపరేటరమ్మ వెళ్లి తీసింది. కొడుకు నిలబడి ఉన్నాడు.

అతను ఇంట్లోకి రాలేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్లి సొట్ట చూశాడు. దాని మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. తల్లి వెనకే వచ్చి నిలుచుంది.

"నాన్న తాళం చేతిలో ఉండి కూడా నడిచొచ్చాడట కదమ్మా. అక్క చెప్పింది."

"అవును."

"లిఫ్టులో తాడు తెగుతుందేమోనని కాదు మాకు భయం. తెగితే పట్టుకునే బ్రేకు ఉందో లేదో అని." అతను సొట్ట మీంచి చెయ్యి తీశాడు. "ఉందని తెలిసింది. పదండి, వేళవుతోంది."

దారిలో రెండో గేరు వేసేటప్పుడు గున్న పళ్లు నూరింది. మధ్యలో ఆగి తోయాలిరా అని తల్లి వెనక సీట్లోంచి చెప్పింది. సర్వేయరు కిటికీలోంచి బయటికి చూస్తూ మీసాల్లో నవ్వుకున్నాడు. నాలుగు వీధులు దాటాక కొడుకూ నవ్వాడు.

లైసెన్సుల ఆఫీసు ముందు చిన్న కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య గున్న, పిల్లల బడిలో పెద్ద పంతులు కూర్చున్నట్టుంది. పరీక్ష పెట్టే అధికారిణి నడివయసు మనిషి. కాగితాలు చూసి, బండిని చూసి, దిండ్లు చూసింది. దీంతోనే ఇస్తారా, ఆఫీసు కారుంది, తేలికగా ఉంటుంది అని చెప్పింది. ఇంటికి వెళ్లేది దీంతోనే కదండీ అంది ఆపరేటరమ్మ.

పరీక్ష ఎలా ఉంటుందో గుమస్తా వివరించాడు. ముందు ఆఫీసు వెనకున్న ఎత్తు ఎక్కాలి. సగంలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. అక్కడ జారినవాళ్లు అటు నుంచి అటే వెనక్కి వచ్చేస్తారు. జారనివాళ్లని అధికారిణి పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్తుంది. మిగతా పరీక్ష అక్కడ. అధికారిణి తప్ప బండిలో ఇంకెవరూ ఉండకూడదు.

సర్వేయరు దిగాడు. ఆయన లేకుండా ఆపరేటరమ్మ గున్నని కదపడం అదే మొదలు. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆమే కిటికీలోంచి వంగింది.

"చెప్పండి."

"ఏం లేదు. నీకు తెలుసు."

గున్న ఒక్కసారి ఊగి కదిలింది. మొదటి గేరు. ఒక్క క్షణం ఆగి, రెండోది. పళ్లు నూరలేదు. ఆఫీసు మూల తిరిగి గోడ వెనక్కి వెళ్లిపోయింది.

తండ్రీ కొడుకులు కాలిబాట మీద నిలబడ్డారు.

"ఏం కనిపిస్తోందిరా?"

"ఏం లేదు నాన్నా. గోడ అడ్డం."

"మాట్లాడకు. నాకు వినిపిస్తోంది."

ఇంజను బరువుగా మూలుగుతూ ఎత్తు ఎక్కుతోంది. సగం దాకా వెళ్లి నిదానించింది. తర్వాత ఆగిపోయింది. ఆపమన్నందుకు నిలవడం కాదు, ఇంజనే పూర్తిగా ఆగిపోయింది. సర్వేయరు కొడుకు భుజం పట్టుకున్నాడు. ఎత్తు మీద ఇంజను ఆగితే ఆ బరువు ఎలా లాగుతుందో ఆయనకి తెలుసు. టైర్ల చప్పుడు కోసం విన్నాడు. వినిపించలేదు. జారలేదు.

కొడుకు అటువైపు ఒక అడుగు వేయబోయాడు. తండ్రి భుజం వదల్లేదు.

"ఉండు. ఆవిడ లైన్లో ఉంది."

ఎంతసేపైందో తెలియదు. గున్న దగ్గింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది. క్లచ్చి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లేస్తున్నట్టు ఇంజను గొంతు దిగింది. తర్వాత ఆ చప్పుడు కదిలింది.

"వెనక్కి వచ్చేస్తోందా నాన్నా?" కొడుకు గోడ మూల వైపు చూస్తూ అడిగాడు.

సర్వేయరు తల పక్కకి వాల్చాడు. ఆ చప్పుడు వాళ్ల వైపు రావడం లేదు. ఎత్తు చివరికి ఎక్కి, అటువైపు దిగి, పెద్ద రోడ్డు మీది రొదలో కలుస్తోంది. లారీలు, బస్సులు, వందల ఇంజన్లు. వాటిలో ఒక్కదాన్ని వెతుక్కుంటూ ఆయన కళ్లు మూసుకున్నాడు.

"మూడో గేరు," అన్నాడు.